తరిమెన కథ: కవ్వము నుండి కొయ్యగిన్నె వరకు

ఒకప్పుడు పల్లెలలో తెల్లవాఱకమునుపే ఇంటింటను కవ్వపు సవ్వడి వినబడుచుండెను. త్రాటిని కవ్వమునకు చుట్టి, రెండు కొసలను మార్చి మార్చి లాగినచో కవ్వము ఒకమాఱు కుడికిని, ఒకమాఱు ఎడమకును తిరుగును. చూచుటకు అల్పమైన ఈ ఉపాయమే మానవుడు కనిపెట్టిన ప్రాచీన యంత్రములలో నొకదానికి ప్రాణము. ఆ యంత్రమే తరిమెన. కార్ఖానాలలో దానినే లేతు మర యందురు. కవ్వము నిలువున తిరుగగా, తరిమెనలో కొయ్య అడ్డముగా తిరుగును. తిరుగుచున్న కొయ్యకు ఉలి నానించినచో పొట్టు రాలి గుండ్రని రూపము వెలువడును.

ఈ యంత్రపు ప్రాచీనతకు ఈజిప్టు దేశమున చక్కని ఆధారము కలదు. పెటోసిరిస్ అను పూజారి సమాధి గోడపై, క్రీస్తుకు పూర్వము 300వ సంవత్సర ప్రాంతమున చెక్కిన చిత్రములో ఇద్దరు పనివారు తరిమెన యొద్ద నున్నారు. ఒకడు త్రాటిని లాగుచుండ, రెండవవాడు ఉలిని పట్టియున్నాడు. మన దేశపు చేతి తరిమెనలోను పని ఇట్లే సాగెను. పనివాడు నేలపై కూర్చుండి ఉలి పట్టగా, తోడివారొకరు త్రాడు లాగుచుండిరి. వరాహ నదీతీరమున, నేటి అనకాపల్లి జిల్లాలో నున్న ఏటికొప్పాక గ్రామము తరిమెన పనికి పేరొందినది. అచటి లక్కపిడతలు, కుంకుమ భరిణెలు మెత్తని అంకుడు కఱ్ఱతో చేయబడును. తిరుగుచున్న కొయ్యపై లక్కకడ్డీని అదిమినచో, ఒరపిడి వేడికి లక్క కరగి దాని నంటుకొనును. విద్యుత్ మోటారు వచ్చిన పిదప త్రాడు లాగు చేతులకు విశ్రాంతి లభించెను. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చెను.

మంచపుకోడు, కవ్వపుకఱ్ఱ వంటి వానిని తరిమెన పట్టుట సులభము. కొయ్యను రెండు మేకుల మొనల నడుమ బిగించి, పైభాగమును మాత్రము చెక్కిన చాలును. గిన్నె సంగతి అట్టిది కాదు. గిన్నెకు లోపల గుల్ల కావలెను. గుల్ల చేయవలెనన్న ఉలి దాని ముఖము నుండి లోనికి పోవలెను. ఆ ముఖమున కెదురుగనేమో మేకు నిలిచియున్నది. మేకును తీసినచో కొయ్య నిలువదు. ఉంచినచో నడిమి భాగము చెక్కుటకు వీలుపడదు. ఈ చిక్కును విడదీయుటకై పనివారు తరిమెనను, దాని ఉపకరణములను మార్చిన వృత్తాంతమే ఈ చరిత్రలో ముఖ్యభాగము.

మొదటి ఉపాయమిది. ఒక పొట్టి కొయ్యరోలరునకు ఒకవైపు ఇనుప మొనలు దిగగొట్టి, దానిని గిన్నె కగు దిమ్మె ముఖమున బలముగా నాటిరి. త్రాటిని దిమ్మెకు గాక ఈ రోలరునకు చుట్టిరి. అప్పుడు దిమ్మె ఎంత వెడల్పైనను త్రాటికి ఆటంకము లేకపోయెను. లోపలి గుల్లకు తిన్నని ఉలి పనికిరాదు గనుక, పొడవైన పిడి గలిగి, కొన యందు కొక్కెమువలె వంగిన ఉలిని సిద్ధము చేసిరి. అది నడిమి మొద్దును చుట్టివచ్చి లోపలి కొయ్యను తొలచును. తుదకు నడుమ మిగిలిన సన్నని కాడను విఱిచి, అచ్చటి మచ్చను చేతితో చెక్కుదురు.

ఐరోపా ఖండమున త్రాడు లాగు రెండవ మనిషి అక్కఱ లేకుండ మఱియొక మార్పు జరిగెను. పైన వంగు స్వభావము గల పొడవైన వాసమును కట్టి, దాని కొస నుండి దిగిన త్రాటిని రోలరునకు చుట్టి, క్రింద పాదపు పలకకు ముడివైచిరి. పలకను త్రొక్కినచో కొయ్య పనివానివైపు తిరుగును. కాలెత్తినచో వాసము త్రాటిని మరల లాగుకొనును. ఉలి కోయునది త్రొక్కినపుడు మాత్రమే. ఇట్టి తరిమెనలు శతాబ్దములపాటు సామాన్యజనులకు భోజనపాత్రల నొసగెను. 1545లో మునిగి, 1982లో పైకి తీయబడిన మేరీ రోజ్ అను ఇంగ్లీషు యుద్ధనౌకలో నావికుల కొయ్యగిన్నెలు, పళ్లెములు అనేకములు దొరకినవి.

ముందునకు, వెనుకకు తిరుగు దోషమును తొలగించుటకు బరువైన చక్రము తోడ్పడెను. పాదముతో త్రొక్కి చక్రమును ఒకే దిక్కునకు త్రిప్పు తరిమెన చిత్రమును 15వ శతాబ్దమున లియొనార్డో డావిన్సీ గీసెను. చక్రము, తరువాత ఆవిరి, పిమ్మట విద్యుత్తు వచ్చినవి. రెండు ఆధారములపై తిరుగు ఇనుప ఇరుసు కొసకు పళ్లెము తగిలించి, దానికి దిమ్మెను మరమేకులతో బిగించినచో, ఎదుటి మేకుతో పని లేకయే గిన్నె ముఖము పూర్తిగా తెఱపి యగును. నడిమి మొద్దు బాధ దీనితో తీఱెను.

ఐనను క్రొత్త చిక్కులు పుట్టినవి. కడ్డీల కొఱకు చేసిన మరలో ఇరుసునకును పీఠమునకును నడుమ నెడము తక్కువ. పెద్ద దిమ్మె పీఠమునకు తగులును. కొందఱు ఇరుసు దిమ్మెల క్రింద ఎత్తు వేసిరి. మఱికొందఱు ఇరుసు యొక్క ఎడమ కొసకు, పీఠము వెలుపల, గిన్నెను బిగించి, ఉలి నానించుటకు నేలపై వేఱు స్తంభమును నిలిపిరి. ఆ కొసకు మరచుట్టు ఎడమవాటముగ నుండవలెను. లేనిచో తిరుగుడు వేగమునకు పళ్లెము తనంతట ఊడును.

వేగమును గూడ తగ్గింపవలసి వచ్చెను. నిమిషమునకు 1,000 చుట్లు తిరుగు మరలో 3 అంగుళముల కడ్డీ అంచు నిమిషమునకు సుమారు 785 అడుగులు పోవును. అదే వేగమున 12 అంగుళముల గిన్నె అంచు 3,140 అడుగులు, అనగా గంటకు సుమారు 36 మైళ్లు, పరుగిడును. పగులున్న దిమ్మె ఆ వేగమున విడివడినచో పనివాని ప్రాణమునకే ముప్పు. అందుచేతనే మెట్లు గల కప్పీలు పెట్టి, పట్టాను మార్చి వేగము తగ్గించు ఏర్పాటు కలిగెను.

యంత్రములు పెరిగిన కొలది పాత విద్య సన్నగిల్లెను. ఇంగ్లండులో బర్క్‌షైర్ మండలమున, బకిల్‌బరీ బయళ్ల యొద్ద జార్జి లెయిలీ అను పనివాడు తాత తండ్రుల వృత్తిని విడువక, వాసపు తరిమెనపై ఎల్మ్ చెట్టు కొయ్యతో గిన్నెలు చేసెను. వంపు ఉలులతో ఒకే దిమ్మె నుండి ఒకదానిలో నొకటి ఇమిడిన గిన్నెలను తీయుట ఆతని ప్రత్యేకత. యాత్రాగ్రంథకర్త హెచ్. వి. మోర్టన్ 1927 నాటి తన పుస్తకమున ఆతని గూర్చి వ్రాసెను. ఐనను ఆ విద్య నేర్చువారు లేరైరి. 1958లో, వార్ధక్యమున లెయిలీ మరణించుటతో ఇంగ్లండున ఆ పరంపర తెగిపోయెను.

ఆతని తరిమెన, ఉలులు మాత్రము పొయ్యిపాలు గాక, రెడింగ్ విశ్వవిద్యాలయపు గ్రామీణ జీవన ప్రదర్శనశాలకు చేరెను. కొన్ని దశాబ్దములకు రాబిన్ వుడ్ అను యువకుడు వానిని పరిశీలించి, కొక్కెపు ఉలులను తానే కొలిమిలో సాగగొట్టుట నేర్చి, తప్పులు చేయుచు, దిద్దుకొనుచు ఆ విద్యను మరల నిలబెట్టెను. చెప్పుటకు గురువు లేనిచోట పనిముట్టుల వంపులే పాఠము చెప్పినవి.

తరిమెన వంటిదే కమ్మరి కొలిమి, సాలెవాని మగ్గము, కుమ్మరి సారె. వాని ఉపకరణముల పేర్లు, కొలతలు, వాడుక తెలిసినవారు ఉండగనే వ్రాసి ఉంచుట గ్రామ గ్రంథాలయమునకు తగిన పని. బీరువాలో పుస్తకముల ప్రక్క ఒక పాత ఉలికి, దానిని గూర్చిన నాలుగు పుటల వ్రాతకు చోటిచ్చినచో, ఎన్నడో ఒకనాడు ఒక యువకుడు దానిని చేతబట్టి, తెగిన దారమును మరల ముడివేయవచ్చును.