నీటి వాల్వు, ఆవిరి వాల్వు: ప్రమాణాల పుట్టుపూర్వోత్తరాలు

సింగరేణి మందమర్రి ఏరియాలోని రామకృష్ణాపూర్ వంటి గని పట్టణాలున్న బొగ్గు బెల్టులో వాల్వులకు రెండు రకాల కొలువు ఉంది. భూగర్భంలో ఊరే నీటిని సంపు నుంచి పైకి తోడే డెలివరీ పైపుల మీద ఒకటి, ఈ బెల్టు బొగ్గును మండించే జైపూర్, రామగుండం విద్యుత్కేంద్రాల ఆవిరి గొట్టాల మీద మరొకటి. ఈ రెంటి ప్రమాణాలూ వేర్వేరు వంశాలవి.

ఆవిరి వంశానికి మూలం బాయిలర్ల పేలుళ్లు. 1905 మార్చి 20న అమెరికాలోని బ్రాక్టన్‌లో చెప్పుల కర్మాగారపు బాయిలర్ పేలి 58 మంది చనిపోగా, ఆ దేశపు మెకానికల్ ఇంజినీర్ల సంఘం, అంటే ఏఎస్ఎంఈ, తొలి బాయిలర్ కోడ్‌ను 1915లో వెలువరించింది. ఉక్కు వాల్వుల పీడన పరిమితులను చెప్పే బీ16.34 ఆ సంఘానిదే. మన దేశంలో 1923 నాటి బాయిలర్ల చట్టం, 1950 నాటి భారత బాయిలర్ నిబంధనలు, అంటే ఐబీఆర్, అదే భయాన్ని చట్టంగా మార్చాయి. నీటి వంశం కథ ఇంత నాటకీయమైనది కాదు: 1947లో ఏర్పడిన భారత ప్రమాణాల సంస్థ మంచినీటి పథకాల స్లూయిస్ వాల్వులకు ఐఎస్ 780, 2906 ఇచ్చింది, 50 నుంచి 1200 మిల్లీమీటర్ల సైజులన్నిటికీ కలిపి 2000లో ఐఎస్ 14846 వచ్చింది.

పోలికలో చిక్కంతా అంకెల దగ్గరే ఉంది. ఐఎస్‌లో పీఎన్ (నామమాత్రపు పీడనం) 1.6 అంటే 1.6 మెగాపాస్కల్, అంటే 16 బార్ల చల్లని నీరు. ఐరోపా కొలతలో అదే పీఎన్ 16. అమెరికన్ క్లాస్ 150 మాత్రం వేడితో పాటు తగ్గే హోదా: సాధారణ కార్బన్ ఉక్కు వాల్వు 38 డిగ్రీల వద్ద 19.6 బార్లు మోస్తే, 400 డిగ్రీల వద్ద 6.5 బార్లే మోస్తుంది. నాలుగంగుళాల సైజులో రెంటికీ ఎనిమిదేసి బోల్టులే ఉన్నా, బోల్టుల వృత్తపు వ్యాసం క్లాస్ 150కి 190.5 మిల్లీమీటర్లు, పీఎన్ 16కి 180. అందుకే ఒకదాని ఫ్లాంజికి మరొకటి బిగియదు. కారడం విషయంలోనూ అంతే: అమెరికన్ పెట్రోలియం సంస్థ వాల్వు పరీక్షల ప్రమాణం ఏపీఐ 598 ప్రకారం అదే సైజు లోహపు సీటు గేటు వాల్వు నీటి పరీక్షలో నిమిషానికి 12 చుక్కలు కారినా పాసే, రబ్బరు వంటి మెత్తని సీటు వాల్వు మాత్రం ఒక్క చుక్క కూడా కారకూడదు.

కాబట్టి పేరు మీది అంకెను చూసి ఇది దానికి సమానమని ఇండెంటు రాయడం సరైన పద్ధతి కాదు. 200 మీటర్ల లోతు నుంచి నీటిని ఒకే ఎత్తున తోడితే, పంపు ఆగినప్పుడు వెనక్కి కొట్టే నీటి దెబ్బను లెక్కించకపోయినా, అడుగున దాదాపు 20 బార్ల పీడనం ఉంటుంది. అక్కడ పీఎన్ 1.6 గానీ క్లాస్ 150 గానీ చాలవు, క్లాస్ 300 వంటి పై హోదా వాల్వు పెట్టాలి.