లినక్సు మూటల కథ

రెండు కంప్యూటర్లు ప్రక్కప్రక్కనే ఉన్నవనుకొందము. రెండింటిలోను లినక్సే ఉన్నది. ఒకదానిలో చక్కగా నడచు ప్రోగ్రామును రెండవదానిలో ఎక్కింపబోగా అది నడువదు. యంత్రములో దోషము లేదు, ప్రోగ్రాములోను లేదు. మరి చిక్కు ఎక్కడ ఉన్నది?

1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లినక్సును వెలువరించెను. అది కెర్నెల్ మాత్రమే. అనగా యంత్రమునకును ప్రోగ్రాములకును నడుమ నుండి పని జరిపించు భాగము. దానికి ఇతర ప్రోగ్రాములను చేర్చి వాడుకకు సిద్ధము చేసినదానిని డిస్ట్రిబ్యూషన్ అందురు. 1993లోనే స్లాక్‌వేర్, డెబియన్ అను రెండు డిస్ట్రిబ్యూషన్లు బయలుదేరినవి. తరువాత ఇంకను పెక్కు వచ్చినవి. ఎవరి ఏర్పాటు వారిది.

ప్రోగ్రాములు అన్ని పనులను తామే చేసికొనవు. అక్షరములను తెరపై చూపుట, సమాచారమును కుదించుట వంటి పనులకు లైబ్రరీలు అను ఉమ్మడి భాగములను ఆశ్రయించును. కావలసిన లైబ్రరీ లేకున్నను, ఉన్నది సరిపడని కూర్పు అయినను ప్రోగ్రాము నిలిచిపోవును. అందుచేత ప్రోగ్రామును ఒక మూటగా కట్టి, దానికి ఏయే లైబ్రరీలు అవసరమో తెలుపు చీటీని అందులో ఉంచు పద్ధతి ఏర్పడినది. ఈ మూటయే ప్యాకేజి. మూటలు విప్పుటకు డెబియన్ వారు 1994లో డీపీకేజీ అను పనిముట్టును, రెడ్ హ్యాట్ వారు 1995లో ఆర్పీఎంను తయారుచేసిరి. ఒకదాని మూట రెండవదానికి పనికిరాదు. మార్చి విప్పినను, ఒకే లైబ్రరీకి రెండుచోట్ల రెండు పేర్లుండుటచే చీటీలు కలియవు. కనుక ఒకే ప్రోగ్రామును పలుమారులు మూటకట్టవలసి వచ్చెను.

దీనికి మొదట తోచిన ఉపాయము అందరును ఒక ఒప్పందమునకు వచ్చుట. ఏ ఫైలు ఎచ్చట ఉండవలెనో తెలుపు ప్రమాణము 1994లో వెలువడినది. 2001లో వచ్చిన లినక్స్ స్టాండర్డ్ బేస్ ఏయే లైబ్రరీలు తప్పక ఉండవలెనో నిర్ణయించి, మూటకు ఆర్పీఎం రూపమును ఎన్నుకొనెను. 2006లో అది అంతర్జాతీయ ప్రమాణమైనది. కాని లైబ్రరీలు మారు వేగమును ప్రమాణము అందుకొనజాలదు. దానిని నమ్మి మూటలు కట్టినవారును కొద్దిమందియే. 2015లో దాని అయిదవ కూర్పు వచ్చినది. ఆ సంవత్సరమే డెబియన్ దానిని చాలవరకు విడిచిపెట్టినది.

రెండవ ఉపాయము, బాటసారి వంటపాత్రలను వెంట మోసికొనిపోవునట్లు, ప్రోగ్రాము తన లైబ్రరీలను తనతోనే తెచ్చుకొనుట. 2004లో సైమన్ పీటర్ ప్రారంభించిన క్లిక్ అను పథకమే తరువాత యాప్ఇమేజ్ అయినది. 2016 నుండి ఫ్లాట్‌పాక్, స్నాప్ అనునవి పలు డిస్ట్రిబ్యూషన్లలో వ్యాపించినవి. ఒక్కసారి కట్టిన మూట ఇప్పుడు అనేకచోట్ల విప్పుకొనును.

అయితే ఈ సుఖమునకు వెల కలదు. 2002లో జెడ్‌లిబ్ అను లైబ్రరీలో భద్రతాలోపము బయటపడెను. ఉమ్మడి లైబ్రరీని వాడుకొను ప్రోగ్రాములకు ఆ ఒక్క లైబ్రరీని మార్చిన చాలినది. దానిని తమలోనే ఇముడ్చుకొన్న ప్రోగ్రాములనో, ఒక్కొక్కటిగా వెదకి తిరిగి నిర్మింపవలసి వచ్చినది. నేటి మూటలకును ఈ హెచ్చరిక వర్తించును. ఫ్లాట్‌పాక్ కొన్ని లైబ్రరీలను రన్‌టైమ్ అను ఉమ్మడి భాగముగా వేరుచేయుటకు ఇదియు ఒక కారణము.

పాఠశాలలో లినక్సు కంప్యూటరు ఉన్నచో, టెర్మినల్‌లో ఎల్‌డీడీ అను ఆజ్ఞ వ్రాసి, దాని ప్రక్కన లినక్సుతో వచ్చిన ఒక ప్రోగ్రాము పూర్తి చిరునామా ఇచ్చి చూడుడు. అది ఆశ్రయించు లైబ్రరీల పట్టిక కనబడును. ఆ పట్టికలోని ప్రతి పంక్తియు ఎవరో ఒకరు కనిపెట్టి చూడవలసిన బాధ్యత. మూటకట్టు విధానము మార్చినంత మాత్రమున ఆ బాధ్యత తీరిపోదు. ఒకరి భుజము నుండి మరొకరి భుజమునకు మారును. మూటను ఎన్నుకొనునపుడు, దానిని ఎవరు మోయుచున్నారో విచారించుట మంచిది.