చెత్తలో వెండి: సికింద్రాబాదు పాత సామాను కథ

మట్టిలో మాణిక్యం అని మనం మాటవరసకు అంటూ ఉంటాం. సికింద్రాబాదులో పాత సామాను బేరం చేసేవాళ్లకు మాత్రం అది మాటవరస కాదు, పూటపూటా బతుకుతెరువు. కాలిపోయిన మోటారు, పాడైన స్టార్టరు, మూలబడ్డ రేడియో, ఈ రోజుల్లో అయితే పగిలిన సెల్‌ఫోను - ఇవి మన కంటికి చెత్త. వారి కంటికి రాగి, ఇత్తడి, వెండి, అప్పుడప్పుడు నలుసంత బంగారం. మన ఇళ్లల్లో ఎందరికో అన్నం పెట్టిన పని ఇది. దీని వెనక ఉన్న చరిత్ర మన పిల్లలకు తెలియాలి. దీనిలోని ప్రమాదం అంతకంటే ముందు తెలియాలి.

ఈ విద్య కరెంటుతో పుట్టింది కాదు. కంసాలి కొట్టు ఊడ్చిన మట్టిని కడిగి బంగారం రజను తీయడాన్ని తెలుగులో జలగడగడం అన్నారు. అదే పని చేసేవాడు ఉర్దూలో నియారియా. మట్టిలోంచి కూడా లాభం పిండుకోగలడు గనుక గడుసువాడికి కూడా ఆ పేరే స్థిరపడింది. పదవ శతాబ్దంలో యెమెన్ దేశపు పండితుడు అల్ హమ్‌దానీ బంగారం, వెండి గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. గనిలోంచి తీయడం, శుద్ధి చేయడం అన్నీ అందులో ఉన్నాయి. అక్బరు కాలపు టంకశాలలో పనివారి పేర్లు చెబుతూ అబుల్ ఫజల్ తన ఆయినే అక్బరీలో ఖాక్ షో అనేవాడిని కూడా లెక్కలో వేశాడు. ఖాక్ అంటే మట్టి, షో అంటే కడిగేవాడు. అతను టంకశాల ఊడ్చి, ఆ మట్టి ఇంటికి తీసుకుపోయి కడుక్కునేవాడు. అందుకు సర్కారుకు నెలకు పన్నెండున్నర రూపాయలు కట్టేవాడు. ఊడ్చిన మట్టికే అంత కట్టగలిగాడంటే అందులో ఎంత గిట్టుబాటు ఉండేదో మీరే ఊహించండి!

ఇక మన ఊరి సంగతికి వద్దాం. మూడవ నిజాము సికందర్ జా పేరు మీద 1806లో వెలిసిన ఈ కంటోన్మెంటుకు 1874లో రైలు వచ్చింది. 1893లో లాలాగూడ రైల్వే వర్క్‌షాపు పెట్టారు. 1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టారు. అది 1992లో మూతపడింది, 1995లో కూల్చేశారు. కవాడిగూడలో 1943లో ప్రాగా టూల్స్, ఆ తరువాత 1967లో నగరంలో ఇ.సి.ఐ.ఎల్. వచ్చాయి. యంత్రం ఉన్నచోట కొన్నాళ్లకు పాత యంత్రం కూడా ఉంటుంది గదా! రాణీగంజ్‌లో ఇనుప సామాను, మోటారు సామాను అంగళ్లు, ముషీరాబాదు పక్కన భోలక్‌పూర్‌లో పాత సామాను గోదాములు అలా పెరిగాయి. తరువాత పార్క్‌లేన్‌లో కంప్యూటర్ల బజారు వెలిశాక, పాత కంప్యూటరు బోర్డులూ ఆ తక్కెడలోకే వచ్చి చేరాయి.

కరెంటు సామానులో వెండి ఎందుకుంటుంది? స్విచ్చి వేసినప్పుడు, తీసినప్పుడు రెండు పాయింట్లు కలిసి విడిపోతాయి. విడిపోయేటప్పుడు రవ్వ పుడుతుంది. ఆ వేడికి రాగి మీద నల్లటి పొర కడుతుంది, దాని గుండా కరెంటు సరిగా పారదు. వెండి మీద అలాంటి పొర వేడికి నిలవదు, విడిపోతుంది. పైగా లోహాలన్నిటిలోనూ కరెంటును బాగా పారనిచ్చేది వెండే. అందుకే స్టార్టర్లు, కాంటాక్టర్లు, రిలేల పాయింట్లకు వెండి అతికించారు. అయితే ఉత్త వెండి మెత్తన, రవ్వకు అతుక్కుపోతుంది. గట్టిపడటానికి దానిలో నికెలు గానీ, కాడ్మియం ఆక్సైడు గానీ కలిపారు. తెల్లగా మెరిసిందల్లా వెండి కాదు. పాత బండ్ల ఇంజన్లలోని పాయింట్లను మెకానిక్కులు ‘ప్లాటినం’ అంటారు. పేరుకే ప్లాటినం, ఉన్నది టంగ్‌స్టన్. అనుభవమున్నవాడు ఆకురాయితో రుద్ది చూస్తే గానీ బేరం చేయడు.

పాయింట్లను విడగొట్టాక పాత పద్ధతి ఒక్కటే. తేజాబులో, అంటే నైట్రిక్ యాసిడ్‌లో వేస్తారు. వెండి కరిగిపోతుంది. ఆ నీళ్లలో ఉప్పు వేస్తే పెరుగు విరిగినట్టు తెల్లటి మడ్డి దిగుతుంది. ఉప్పుకు బదులు రాగి రేకు ముంచితే రాగి కరిగి, వెండి బూడిద రంగు మడ్డిగా రేకును పట్టుకుంటుంది. దానిని కడిగి, మూసలో 962 డిగ్రీల పైన కరిగిస్తే వెండి ముద్ద.

చెప్పడానికి ఇంత తేలిక. కానీ తేజాబు మరిగేటప్పుడు లేచే ఎర్రటి పొగ ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. పీల్చినప్పుడు ఏమీ అనిపించకపోవచ్చు, కొన్ని గంటల తరువాత ఆయాసం మొదలై ప్రాణం మీదికి రావచ్చు. కాడ్మియం ఉన్న పాయింట్లను కొలిమిలో పెడితే కంటికి ఆనని విషం గాలిలో కలుస్తుంది. అది మూత్రపిండాలలో చేరి ఏళ్ల తరబడి పోదు. బోర్డుల టంకంలో సీసం ఉంటుంది, అది పసిపిల్లల బుర్రను దెబ్బ తీస్తుంది. వాడిన నీళ్లు మోరీలో పోస్తే అవి నాలాలోకి, నాలాలోంచి చెరువులోకి పోతాయి. ఇంటి వాకిట్లో, పిల్లలు తిరిగేచోట చేసే పని కాదిది.

ప్రమాదం పొగలోనే లేదు. 2022 మార్చి 23 తెల్లవారుజామున న్యూ బోయిగూడలోని ఒక పాత సామాను గోదాములో నిప్పంటుకుంది. పైన నిద్రపోతున్న బీహారు కూలీలు 11 మంది చనిపోయారు. ఒక్కడు మాత్రం దూకి బయటపడ్డాడు. పొట్ట చేతబట్టుకుని అంత దూరం నుంచి వచ్చినవారు సామాను మధ్యనే పడుకుని, సామానుతో పాటే కాలిపోయారు. గోదాములు ఉన్నవారు ఈ సంగతి ఎన్నటికీ మరవకూడదు.

అలాగని పని మానేయమనడం న్యాయమా? కాదు. ఈ సరుకు విలువ చిన్నది కాదు. బ్యాటరీలు తీసేసిన ఒక టన్ను సెల్‌ఫోన్లలో సుమారు మూడున్నర కిలోల వెండి, 340 గ్రాముల బంగారం, 130 కిలోల రాగి ఉంటాయని లెక్క. టోక్యో ఒలింపిక్సు పతకాలను జపాను ప్రజలు ఇచ్చిన పాత ఫోన్లు, కంప్యూటర్ల లోహంతోనే చేశారు. అందులో బంగారం 32 కిలోలు, వెండి 3,500 కిలోలు వచ్చింది. 2022లో ప్రపంచమంతా కలిసి 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైతే, సరైన పద్ధతిలో సేకరించింది నాలుగో వంతు కూడా లేదు.

మన దేశంలో ఈ చెత్తకు వేరే నిబంధనలు 2012 మే 1 నుంచి అమలులోకి వచ్చాయి. 2016లో మార్చారు. 2022లో మళ్లీ కొత్తవి చేసి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేశారు. వాటి ప్రకారం లోహం వెలికితీసేవారు కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదు కావాలి. చర్లపల్లిలోని సి-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సర్క్యూట్ బోర్డుల నుంచి విలువైన లోహాలు తీసే పద్ధతిని తయారుచేసింది. సైఫాబాదులో 1903 నుంచి ఉన్న టంకశాల కూడా 1997లో ఆ చర్లపల్లికే తరలింది. టంకశాల, చెత్తలోంచి లోహం తీసే విద్య మళ్లీ ఇరుగుపొరుగు అయ్యాయన్నమాట.

మన కుర్రవాళ్లకు సరుకు గుర్తుపట్టే కన్ను ఉంది. ఏ పాయింటు వెండి, ఏది టంగ్‌స్టన్ అన్నది ఏ కాలేజీ చదువూ లేకుండానే చెప్పగలరు. ఏరడం, విడగొట్టడం, వేరు చేయడం - ఇంతవరకు వారు చేసి, తేజాబు పని నమోదైన కర్మాగారానికి వదిలేస్తే, లాభం కొంత తగ్గినా ఆయుష్షు తగ్గదు. నలుగురు వ్యాపారులు కలిసి సరుకు ఒకచోట పోగుచేసి అమ్మితే ధర గట్టిగా అడగవచ్చు. చదువుకున్న పిల్లలు నమోదు కాగితాల పనిలో పెద్దలకు సాయపడాలి. గోదాములో రాత్రిపూట ఎవరినీ పడుకోనివ్వకూడదు. వెండి ఈరోజు పోతే రేపు సంపాదించుకోవచ్చు, మనిషి పోతే ఏ మూసలోంచీ తిరిగి రాడు.