మాట వెనుక కథ: ప్లాటినం

పాత బుల్లెట్టు ‘మిస్సింగు’ కొట్టినప్పుడు, అనగా సిలిండరులో పెట్రోలు ఒక్కోసారి అంటుకోక ఇంజను తడబడినప్పుడు, మెకానిక్కు మొదట విప్పి చూసే కాంటాక్ట్ పాయింట్లకు వాడుకలో ‘ప్లాటినం’ అని పేరు. తొలినాటి మాగ్నెటోలలో, అనగా నిప్పురవ్వకు కావలసిన విద్యుత్తును పుట్టించే పరికరాలలో, ఆ మొనలను నిజంగానే ప్లాటినంతోనో దాని మిశ్రమంతోనో చేసేవారు. తరువాత టంగ్‌స్టన్ వచ్చినా పేరు మాత్రం, బహుశా కొత్త లోహానికి అంత దర్జా లేనందువల్ల, మారలేదు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపించే హోసూరు, బేరిగై వైపు షెడ్లకూ ఇది పరాయి మాట కాదు. మొనల మధ్య ఎడం సుమారు 0.35–0.40 మిల్లీమీటర్లు ఉండాలి. అవి విడివడినప్పుడే ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది కనుక, ఎడం పెరిగితే టైమింగు, అనగా పిస్టన్ పైకొసకు చేరేలోపు రవ్వ పడే వేళ, ముందుకు జరుగుతుంది, తగ్గితే వెనకబడుతుంది. అందుచేత నల్లబడి గుంటపడిన మొనలను ఆకురాయితో సాపుచేసి, ఫీలర్ గేజితో ఎడం సరిచూశాకే టైమింగు జోలికి పోతారు.