కర్పూర వసంతము - గొబ్బి పిడకలు

చిలకలూరిపేటకు చేరువనే కొండవీటి దుర్గము కలదు. 1386 మొదలు 1402 వరకు అచట ఏలిన కుమారగిరి రెడ్డి ఏటేట వసంతోత్సవములు జరిపి కర్పూర వసంతరాయలని పేరొందెను. అందులకు వలసిన సుగంధద్రవ్యములను అవచి తిప్పయ్య సెట్టి ఓడలపై తెప్పించెడివాడు. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చినది ఈ సెట్టికే.

మన పల్లెల సంక్రాంతికి ఓడసరకు అక్కరలేదు. వాకిట బియ్యపుపిండి ముగ్గు, అందులో ఆవుపేడ గొబ్బెమ్మ, దానిపై గుమ్మడిపువ్వు, గుమ్మమునకు మామిడాకులు, చూరున వరికంకుల కుచ్చు - ఇంతే అలంకారము. పిండి చీమలకు, కంకులు పిచ్చుకలకు ఆహారమగును. గొబ్బెమ్మలను పిడకలుగా చరచి ఎండబెట్టి, రథసప్తమినాడు వాటి మంటపై పాలు పొంగింతురు. పండుగ వెళ్ళిన పిమ్మట పారవేయవలసినది దాదాపు ఏమియు మిగులదు.

రాజుగారి వసంతము కావ్యములలో నిలిచినది. ముంగిటి పండుగ మాత్రము తల్లి చేతినుండి కుమార్తె చేతికి వచ్చుచు నిలిచినది. నేడు బజారున ప్లాస్టిక్ తోరణము చవుకగనే దొరకుచున్నది. ఒక తరము వారు అల్లుట మానినచో తరువాతివారికి చూపువా రుండరు. కావున ఈ సంక్రాంతికి పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొందము. కాడలతో కోసిన కంకులను నీట తడిపి, కాడలు మెత్తబడిన పిమ్మట జడవలె అల్లి, ఒక్క కుచ్చయినను మన చూరున వ్రేలాడదీయుదము.