ఇరుకు కుండీలో అంజూరం

డబ్లిన్‌లో వరుస ఇళ్ల వెనక పెరడు అంటే చాలామందికి నాలుగు మంచాలు పట్టేంత జాగా. ఆ జాగాలోనే, దక్షిణపు ఎండ తగిలే గోడ పక్కన, అరచేతి కంటే పెద్ద ఆకులున్న చెట్టొకటి కుండీలో నిలబడి ఉంటే అది అంజూరమే అయ్యే అవకాశం ఉంది. ఆగస్టు చివరికి పదో పదిహేనో పండ్లు మెత్తబడి తలలు వేలాడేస్తాయి. అనంతపురం రైతు చూస్తే, ఇదీ ఒక కాపేనా అంటాడు. కానీ ఐర్లండ్‌లో ఇప్పటిదాకా నమోదైన గరిష్ఠ ఉష్ణోగ్రత 33.3 డిగ్రీలు, అదీ 1887 జూన్ 26న కిల్‌కెన్నీలో. మన రెంటచింతల ఆ లెక్కను వేసవి రాకముందే దాటేస్తుంది. అలాంటి దేశంలో మధ్యధరా ఎండలకు పుట్టిన చెట్టు పెరట్లో పండటం వెనక ఒక రాజుగారి నాలుక, ఒక పన్ను రద్దు, ఒక నర్సరీవాడి పొదుపు బుద్ధి ఉన్నాయి.

అక్కడ చెట్టుకు అడ్డం చలి అనుకుంటాం. నిజానికి అట్లాంటిక్ మీదుగా వచ్చే వెచ్చటి నీటి పుణ్యమా అని ఐర్లండ్ శీతాకాలం మెతక. 2010 క్రిస్మస్ రోజున మాయో జిల్లాలో మైనస్ 17.5 డిగ్రీలకు పడిపోయిన మాట నిజమే కానీ, అలాంటిది తరానికి ఒకసారి. అంత చలికి కొమ్మలు మాడినా అంజూరం సాధారణంగా మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. అసలు చిక్కు సుఖంతో. తడి ఆరని బలమైన నేలలో పెడితే వేళ్లు అడిగినంత దూరం పోతాయి, చెట్టు గోడ దాటి లేస్తుంది, ఆకు మీద ఆకు వేస్తుంది, కాపు మాత్రం ఉండదు. యూరియా ఎక్కువైన చేను ఏపుకు పోయి గింజ పట్టకపోవడం మనకు తెలియనిది కాదు.

ఇంకో అడ్డంకి కూడా ఉండాల్సింది. మేడిపండు లోపల పురుగులుంటాయని తెలుగువాడికి చిన్నప్పుడే నేర్పుతారు. ఆ పురుగుల్లో ఒక చిన్న కందిరీగ లేకపోతే మేడికి విత్తనమే కట్టదన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. మేడి పువ్వులన్నీ కాయ లోపలే పూస్తాయి. ఆ కందిరీగ అడుగున ఉన్న బెజ్జంలోంచి దూరి పుప్పొడి చేరవేస్తుంది. అంజూరం మేడికి దగ్గరి చుట్టమే, దానికీ ఒక కందిరీగ ఉంది, కానీ అది ఐర్లండ్‌లో లేదు. అయినా పండ్లెలా వస్తున్నాయంటే, కందిరీగతో పని లేకుండా, గింజ కట్టకుండానే పండే రకాలను మనిషి ఏనాడో ఏరి పెట్టుకున్నాడు. జోర్డాన్ లోయలోని గిల్గాల్‌లో దొరికిన తొమ్మిది మాడిన అంజూరాలు అలాంటివేనని, వాటి వయసు 11,400 ఏళ్లని 2006లో పురావస్తు పరిశోధకులు ప్రకటించారు. కొమ్మ విరిచి గుచ్చితే తప్ప వంశం నిలవని చెట్టు అది. కాబట్టి డబ్లిన్ పెరటి పండు విప్పితే పురుగు ఉండదు. వేమనకు అక్కడ ఉపమానం దొరికేది కాదు.

కుండీ సంగతికొస్తే, ఈ చెట్టును తొట్టిలో పెంచడం మొదట రాజభోగం. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి అంజూరమంటే ప్రాణం. వెర్సాయ్‌లో 1678-83 మధ్య రాజుగారి కాయగూరల తోట వేసిన లా క్వింటినీ, ఒక్క అంజూరానికే వందల చెట్లు పెట్టాడు. చాలావాటిని చెక్క తొట్లలో పెంచాడు. చలికాలం లోపలికి, ఎండకాలం బయటికి. తొట్టిలోని పిడికెడు మట్టి నేలకంటే తొందరగా వేడెక్కుతుంది, వేళ్లకు పరుగెత్తే చోటుండదు, చెట్టు దృష్టి కాయ మీదికి మళ్లుతుంది. ఆయన తోటపని పుస్తకం 1690లో వచ్చింది. జాన్ ఎవెలిన్ పేరుతో 1693లో ఇంగ్లీషులోకీ దిగింది. విద్య అలా సముద్రం దాటింది కానీ, తొట్లు మోయడానికి మనుషులూ వాటిని దాచడానికి భవనాలూ లేనివాళ్లకు అది చదువుకునే ముచ్చటే.

భవనం అంటే గాజు. గాజు మీద బ్రిటన్‌లో 1745 నుంచి తూకం లెక్కన పన్ను. ఐర్లండ్‌కు ఆ బాధ కొంతకాలం తప్పింది, అందుకే వాటర్‌ఫర్డ్ గాజుకు అంత పేరొచ్చింది. 1825లో పన్ను అక్కడికీ వచ్చి పడింది. చివరికి 1845లో మొత్తంగా ఎత్తేశారు.

ఆ సంవత్సరాన్ని ఐర్లండ్ ఇంకో కారణంతో గుర్తు పెట్టుకుంది. 1845 ఆగస్టు 20న డబ్లిన్ గ్లాస్‌నెవిన్ వృక్షోద్యానంలో, దాని పర్యవేక్షకుడు డేవిడ్ మూర్ బంగాళాదుంప ఆకుల మీద తెగులు మచ్చలు చూశాడు. తర్వాతి కొన్నేళ్లలో సుమారు పది లక్షల మంది చచ్చిపోయారు, మరో పది లక్షల మంది ఓడలెక్కారు. అదే తోటలో, అవే సంవత్సరాల్లో, రిచర్డ్ టర్నర్ అనే డబ్లిన్ ఇనుప పనివాడు కమ్మీలను విల్లులా వంచి గాజు ఇళ్లు లేపుతున్నాడు. లండన్ క్యూ తోటలోని తాటిచెట్ల గాజు ఇల్లూ (1848) ఆయన చేతిదే. పనితనానికి దండం పెట్టాల్సిందే. కానీ తోట లోపల గాజు కింద పరదేశపు మొక్కలు వెచ్చగా, గోడ అవతల ఊరు ఆకలితో ఉన్న ఆ బొమ్మను పక్కన పెట్టి ఈ కథ చెప్పడం నాకు చేతకాలేదు.

గాజు చవకయ్యాక దాన్ని మామూలు ఇంటికి దించినవాడు థామస్ రివర్స్. ఇంగ్లండ్‌లోని సాబ్రిడ్జ్‌వర్త్‌లో 1725 నుంచి నడుస్తున్న నర్సరీ కుటుంబం వాళ్లది. డార్విన్ కూడా ఉత్తరాలు రాసి సందేహాలు అడిగిన మనిషి. వేళ్లు కత్తిరిస్తే పండ్ల చెట్టు పొట్టిగా ఉండి బాగా కాస్తుందని ఆయన అప్పటికే చెబుతూ ఉన్నాడు. ఇప్పుడు చెక్క గుంజలు పాతి, పలకలు కొట్టి, పైన గాజు కప్పిన చవక కొట్టం వేశాడు. బొగ్గు లేదు, బాయిలర్ లేదు. అందులో కుండీల్లో పీచ్, ప్లమ్, అంజూరం. ఆ పద్ధతి మీద 1850ల నాటి ఆయన పుస్తకం మళ్లీ మళ్లీ అచ్చయింది.

ఆయన కిటుకు కుండీ అడుగున ఉంది. అక్కడ పెద్ద బెజ్జం చేయించేవాడు. ఎండకాలం వేళ్లు అందులోంచి కింది మట్టిలోకి దిగి కావలసినంత తాగేవి, కాయ రాలకుండా నిలిచేది. పండ్లు కోశాక కుండీని కదిలించి, బయటికొచ్చిన వేళ్లన్నీ కోసేయడమే. అవసరమైనప్పుడు వదలడం, పని తీరాక కట్టేయడం. కోడెకు పలుపు వేసినట్టు.

ఐర్లండ్ దొరలకు చవక కొట్టాలు ఆనలేదు. కానెమారాలోని కైల్‌మోర్‌లో మిచెల్ హెన్రీ 1867 తర్వాత కట్టించిన గోడల తోటలో 21 గాజు ఇళ్లు, వేడినీటి గొట్టాలు, సున్నపు బట్టీ కూడా అయిన ఒక బాయిలర్ ఉండేవి. ఆ వానల కొండల్లో అంజూరాలతో పాటు అరటి గెలలు కూడా దించారు. తర్వాత డబ్బూ మనుషులూ కరిగి, గాజు కూలి, తోట ముళ్లపాలైంది. 1920లో అక్కడికి వచ్చిన బెనెడిక్టిన్ సన్యాసినులు 1990లలో తోటను తిరిగి లేపారు. గాజు ఇళ్లలో రెండే మళ్లీ నిలబడ్డాయి. బొగ్గు మీద బతికిన పద్ధతి బొగ్గుతోనే పోయింది. కుండీ మిగిలింది.

మిగిలిన కుండీకి రకం కూడా కుదిరింది. బ్రౌన్ టర్కీ అని పేరు. ఐర్లండ్, బ్రిటన్‌లలో ఆరుబయట నమ్మదగిన అంజూరం ఇదే. చిన్న కుండీతో మొదలుపెట్టి, రెండేళ్లకోసారి ఒక సైజు పెంచుతూ, 45 సెంటీమీటర్ల వెడల్పు దగ్గర ఆపేస్తారు. పెద్ద కుండీ కొనిచ్చి గారాబం చేయడం దండగ. ఎండకాలం మాత్రం నీళ్లు మరిస్తే పిందె రాలుతుంది. టమాటాకు వేసే పొటాష్ ఎరువే దీనికీ సరిపోతుంది. కత్తిరించేటప్పుడు కారే పాలు చేతికంటి ఎండ తగిలితే బొబ్బలెక్కుతుంది, కాబట్టి తొడుగులు తప్పవు.

అందరూ తడబడేది పిందెల దగ్గర. ఈ ఏడు వచ్చిన రెమ్మ మీద వేసవిలో కట్టిన కాయ మన దగ్గర ఈ ఏడే పండుతుంది, ఐర్లండ్‌లో పండదు. అక్టోబరుకు పచ్చిగా, గోలీ అంత అయి ఆగిపోతుంది, చలికి కుళ్లుతుంది. అక్కడ పండేది రెమ్మ కొనలో శరదృతువులో పుట్టిన, కంటికి ఆననంత పిందె. అది చలికాలమంతా నిద్రపోయి, వసంతంలో లేచి, పైఏడు ఆగస్టుకు పండవుతుంది. దాన్ని కాపాడటమే ఆ దేశంలో అంజూరం సాగు. కుండీ అసలు పనికొచ్చేదీ అక్కడే. ఆకు రాలిన చెట్టుకు వెలుతురు అక్కర్లేదు, కాబట్టి ఇద్దరు పట్టి సామాన్ల షెడ్డులోకి జరిపితే చాలు. రాజుగారి తొట్టి చేసిందీ అదే.

డబ్లిన్‌లోనో కార్క్‌లోనో ఉండి ఇది చదువుతుంటే, నవంబరులో చెట్టు దగ్గరికి వెళ్లి గోలీ అంత పచ్చి కాయలన్నీ తెంపేయండి. మనసు ఒప్పదు, అయినా తెంపేయండి. బఠాణీ గింజకు మించని పిందెల జోలికి మాత్రం పోకండి.