తుక్కు పెరడు

ఇజ్రాయెల్‌ కిబ్బుట్జ్‌ల (సమష్టి గ్రామాల) బాలబడుల్లో రూపుదిద్దుకున్న ఆరుబయటి ఆటస్థలం. హీబ్రూలో 'హత్సెర్ గ్రుతావోత్' అంటారు. రంగురంగుల జారుడుబల్లలకు బదులు ఇక్కడ పాత టైర్లు, చెక్క పలకలు, పీపాలు, సొట్టపడ్డ గిన్నెలు, మూలపడ్డ యంత్ర భాగాలు ఉంటాయి. చూడ్డానికి ఇల్లు ఖాళీ చేసిన మర్నాటి వాకిలిలా ఉంటుంది.

ఈ పద్ధతి అనగానే వినిపించే పేరు మల్కా హాస్. జర్మనీలో పుట్టిన ఈ విద్యావేత్త, బేత్ షెఆన్ లోయలో 1939లో వెలసిన స్దే ఎలియాహు అనే మతనిష్ఠ గల కిబ్బుట్జ్‌లో దీన్ని తీర్చిదిద్దారు. బొమ్మ సుత్తికి బరువుండదు; అసలు సుత్తికి ఉంటుంది. పెద్దలు నిజంగా వాడి వదిలేసిన వస్తువును ఎత్తి, ఈడ్చి, దొర్లించినప్పుడే పిల్లలకు బరువూ నిలకడా ఒంటబడతాయన్నది ఇందులోని ఆలోచన. పొద్దున బస్సయిన పలక మధ్యాహ్నానికి ఓడ కావచ్చు. టీచరు ఆట చెప్పరు; గమనిస్తారు, సామాను మారుస్తారు.

కోపెన్‌హేగన్ శివార్లలోని ఎమ్‌ద్రుప్‌లో 1943లోనే ఇలాంటి తుక్కు ఆటస్థలం మొదలైంది. అయితే అక్కడ రంపాలూ మేకులతో కట్టడాలు లేపింది కాస్త పెద్ద పిల్లలు.

యూదు పండుగలకూ నియమాలకూ ఈ పెరడు చక్కగా అమరుతుంది. సుక్కోత్‌కు పలకలు, దుప్పట్లు, కొమ్మలు చాలు, సుక్కా పందిరి లేస్తుంది. వృథా చేయరాదనే 'బల్ తష్హీత్' నియమానికి మూలం ద్వితీయోపదేశకాండం 20వ అధ్యాయం. ముట్టడిలోనూ పండ్ల చెట్లు నరకవద్దంటుందది. పారేసిన వస్తువుతో ఆడుకునే చోట ఆ నియమానికి వేరే పాఠం అక్కర్లేదు.

పదునైన అంచులు, తుప్పు, గాజు పెంకుల కోసం సామాను తరచూ తనిఖీ చేయాలి. పాత ఫ్రిజ్ వస్తే ముందు తలుపు ఊడదీయాలి.